తండ్రి వృత్తి: వ్యాపారం

 

సేవాలాల్ మహరాజ్ జయంతి నాడు గొప్పవాళ్ల గురించి చెప్పుకోవడం మనకు అలవాటు. ఈసారి పోయినేడు మనల్ని విడిచిపోయిన ఒక చాయ్ బండి ఆయన గురించి మాట్లాడమని సంఘం పెద్దలు మమ్మల్ని అడిగారు. ఇంటివాళ్ల కోరిక మేరకు పేరు చెప్పడం లేదు. ఫిల్మ్‌నగర్‌లో అందరూ ఆయనను కాకా అనేవాళ్లు. మేమూ అలాగే అంటాం.

కాకాది దేవరకొండ వైపు తండా. రెండెకరాల చెలక, ఎండిన బోరు, తీరని అప్పు. భార్యను, చంటిబిడ్డను తీసుకుని పట్నం బస్సెక్కాడు. జూబ్లీహిల్స్‌లో బంగళాలు లేస్తుంటే ఇటుకలు మోశాడు. పక్కనున్న బంజారాహిల్స్ పేరులో మన జాతి పేరే ఉంది, కానీ అక్కడ మనకు దొరికింది తట్టాపారా పనే. నాలుగేళ్లు కూలి చేసి, మిగిల్చుకున్న పైసలతో పాత తోపుడుబండి కొన్నాడు. ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియోకు పోయే దారిలో పెట్టాడు.

ఆ స్టూడియో కట్టిన డి. రామానాయుడు గారు కారంచేడు రైతు కుటుంబంలో పుట్టినవారు. సినిమాల్లోకి రాకముందు రైస్‌మిల్లు నడిపారు. 1964లో సురేష్ ప్రొడక్షన్స్‌తో ‘రాముడు భీముడు’ తీశారు. 2009 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్నారు. చిన్న వ్యాపారంతో మొదలై అంత ఎత్తుకు పోయిన ఆయన జీవితం అందరికీ తెలుసు. అదే దారిలో చాయ్ పోసిన మనిషి జీవితం ఎవరు రాస్తారు? మనమే రాసుకోవాలి.

కాకా తెల్లవారుజామున మూడింటికి లేచేవాడు. కృష్ణానగర్ నుంచి లైట్‌మెన్, మేకప్ వాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు షూటింగ్ బండ్లు అందుకోవడానికి బయల్దేరే వేళకు చాయ్ మరుగుతుండాలి. కాకీ అల్లం దంచి ఇచ్చేది, గిన్నెలు తోమేది. నిజానికి ఆ వ్యాపారంలో సగం ఆమెదే. తర్వాత తండా నుంచి ఇద్దరు పిల్లగాళ్లను పనిలో పెట్టుకున్నారు.

కాకాకు చదువు రాదు. ఉద్దెర పుస్తకంలో బొమ్మలు వేసేవాడు. దర్జీకి కత్తెర, లైట్‌మన్‌కు బల్బు, డ్రైవర్‌కు చక్రం. పక్కన ఎన్ని చాయ్‌లు తాగితే అన్ని గీతలు. రాత్రి గల్లా పైసలు మూడు డబ్బాల్లో వేసేవాడు. ఒకటి రేపటి పాలు, చక్కెర, గ్యాస్‌కు. రెండోది ఇంటి కిరాయికి, తిండికి. మూడోది బిడ్డ చదువుకు. మూడో డబ్బా ముట్టేవాడు కాదు.

ఆ బిడ్డ మా హాస్టల్‌లో చేరింది. ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. తల్లిదండ్రుల సమావేశం రోజు ఒకాయన పెద్ద ఫ్లాస్క్‌తో గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. చాయ్ అమ్ముకునే ఆయన అనుకుని, “కప్పు ఎంత?” అని అడిగాం.

“అమ్మకానికి తేలేదు మేడం. మీకూ పిల్లలకూ తెచ్చిన. నేను బిడ్డ బాపును” అన్నాడు.

మాకు తల కొట్టేసినట్టయింది. అంతకంటే బాధ, వరండాలో నిలబడిన ఆ పిల్ల తండ్రిని చూసి ముఖం తిప్పుకోవడం. మేము అడిగిన మాటే ఆమె సిగ్గును పెంచింది.

ఆ రోజే స్కాలర్‌షిప్ ఫారం మీద ఆయన వేలిముద్ర వేయాలి. వేసే ముందు, “నా పని ఏమని రాసినవ్ బిడ్డా?” అని అడిగాడు. పిల్ల మెల్లగా “కూలీ” అంది. కాకా కోపపడలేదు. “కూలి చేసుడు తప్పు కాదు. నేనూ చేసిన. ఇప్పుడు ఇద్దరికి కూలి ఇస్తున్న. వ్యాపారం అని రాయి” అన్నాడు. పిల్ల కొట్టేసి రాసింది. బి.ఎడ్‌లో చెప్పని పాఠం మేము ఆ గేటు దగ్గర నేర్చుకున్నాం.

కష్టాలు రాకపోలేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి బండి నిలిచిపోయింది. మొదటిసారి మూడో డబ్బా తెరిచారు. ఆ ఏడాదే పీఎం స్వనిధి పథకం వచ్చింది. వీధి వ్యాపారులకు పూచీకత్తు లేకుండా అప్పట్లో రూ.10,000 వరకు అప్పు ఇచ్చారు. కాకా తన వీధి వ్యాపారి కార్డును ప్లాస్టిక్ కవర్లో దాచుకున్నాడు గనుక అప్పు దొరికింది. నెల తప్పకుండా కట్టాడు. 2022 ఆగస్టు 1 నుంచి నిర్మాతలు షూటింగులు ఆపేసినప్పుడు, ఫ్లాస్క్ సైకిల్‌కు కట్టుకుని, ఇళ్లు కడుతున్న చోట్లకు పోయి మేస్త్రీలకు చాయ్ పోశాడు. ఒక గిరాకీ పోతే ఇంకో గిరాకీని వెతకాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

ఒక్క విషయంలో మాత్రం కాకాలా ఉండొద్దు. ఛాతీలో నొప్పి వస్తున్నా, బండి ఆగుతుందని దవాఖానకు పోవడం వాయిదా వేశాడు. ఇంట్లో బాపు “ఏం కాలే” అంటే నమ్మకండి. చెయ్యి పట్టుకుని తీసుకుపోండి.

పదో రోజున బిడ్డ ఉద్దెర పుస్తకం తెచ్చి మాకు చూపించింది. పరామర్శకు వచ్చిన ఒకాయన పేజీలు తిప్పి, “ఈ కత్తెర నేనే” అని బాకీ పైసలు కాకీ చేతిలో పెట్టాడు. ఎన్నో గుర్తులు ఎవరివో ఇంకా తెలియదు. ఆ బాకీలు ఇక రావు. బిడ్డ ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. పొద్దున కాకీతో బండి దగ్గరే ఉంటోంది. ఉద్దెర పుస్తకంలో ఇప్పుడు పేర్లు ఉంటున్నాయి.

పిల్లలూ, మూడు పనులు చేయండి. మీ ఇంట్లో బండి, కొట్టు ఏదున్నా వీధి వ్యాపారి సర్టిఫికెట్ ఉందో లేదో చూడండి. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారుల ప్రతినిధులే ఉండాలి. అక్కడ మనవాళ్లూ కూర్చోవాలి. రెండోది, ఈ రాత్రి మీ బాపు పక్కన కూర్చుని, పట్నం ఎట్లా వచ్చాడో అడిగి రాసుకోండి. మూడోది, రేపు ఏ ఫారంలోనైనా తండ్రి వృత్తి అనే గడి దగ్గర పెన్ను ఆగితే కాకాను తలుచుకోండి. ఉన్నది ఉన్నట్టు రాయండి.

జై సేవాలాల్.