వ్యాపారమున ధర్మసంకటము

వ్యాపారమన్న పిదప కొంత అబద్ధము తప్పదను మాట మన ఇండ్లలో తరచుగా వినబడుచుండును. బేరమాడునపుడు కొట్టువాడు తనకు పడిన ధరకే ఇచ్చుచున్నాననును. అది నిజము కాదని కొనువారికిని తెలియును. ఇరువురకు తెలిసిన ఆ ముచ్చట వలన ఎవరికిని పెద్ద నష్టము లేదు. కాని కందిపప్పులో కేసరిపప్పు కలిపి అమ్మినపుడు సంగతి వేరు. కలిపినట్లు కొనినవారికి తెలియదు. ఆ పప్పునే చిరకాలము ముఖ్యాహారముగా తిన్నవారికి కాళ్లు చచ్చుబడు వ్యాధి రాగలదు. ఈ రెండింటి నడుమ భేదమేమి? మొదటిదానిలో ఎదుటివానికి తన్ను తాను కాపాడుకొను అవకాశమున్నది, రెండవదానిలో లేదు. వ్యాపారనీతిని గూర్చిన ఆలోచన ఈ భేదముతోనే ప్రారంభింపవలెనని మా అభిప్రాయము.

దుర్మార్గుడు దుర్మార్గము చేసెనన్న అందులో విచారింపదగినది స్వల్పము. పదిమందిచేత గౌరవింపబడుచు, వేలమందికి ఉపాధి చూపినవాడు తప్పు నిర్ణయమునకు ఎట్లు వచ్చునన్నదే మనము తెలిసికొనదగిన విషయము. దీనికి దూరమేగనక్కరలేదు. హైదరాబాదు నగరముననే ఇందుకు తగిన ఉదాహరణము కలదు.

సత్యం కంప్యూటర్స్ అను సంస్థ 1987లో స్థాపింపబడి, ఇరువది యేండ్లలో దేశములోని పెద్ద సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఒకటియై, సుమారు ఏబదివేలమంది ఉద్యోగులు గలదిగా పేరొందెను. 2008లో సంస్థాపాలన బాగుగా నున్నదని బహుమానమును కూడ అందుకొనెను. 2009 జనవరి 7వ తేదీన దాని అధ్యక్షుడు బి. రామలింగరాజు పాలకమండలికి ఒక లేఖ వ్రాసెను. 2008 సెప్టెంబరు నెలాఖరు లెక్కలలో రొక్కము, బ్యాంకు నిల్వలు కలిసి 5,361 కోట్ల రూపాయలని చూపగా, అందులో 5,040 కోట్లు లేనేలేవని ఆ లేఖలో ఒప్పుకొనెను. ఆ మూడునెలల నిర్వహణ లాభము 649 కోట్లని చూపియుండగా, నిజముగా వచ్చినది 61 కోట్లు మాత్రమే.

ఆ లేఖలో మనము గమనింపదగిన అంశమొకటి కలదు. నిజమైన లాభమునకును, చూపిన లాభమునకును నడుమ భేదము తొలుత స్వల్పమేననియు, ఏండ్లు గడచినకొలది అదుపు తప్పి పెరిగినదనియు అందు వ్రాయబడినది. పులి నెక్కినవాడు దాని వాత పడకుండ దిగు ఉపాయము తెలియక స్వారి చేయుచున్నట్లు తన స్థితి యుండెనని ఆయన పోల్చి చెప్పెను.

స్వల్పమైనది ఎందుకు పెరుగును? ఒక మూడునెలల లెక్కలో లేని లాభమును చూపినచో, మరుసటి మూడునెలలకు ఆ అబద్ధపు అంకెకు మించి చూపవలసి వచ్చును. లేకున్న సంస్థ క్షీణించుచున్నదని వాటాదారులు అనుకొందురు. లాభము వచ్చిన ధనమెక్కడ అని ఎవరైన అడుగుదురు గనుక, బ్యాంకులో నిల్వ యున్నట్లు చూపవలెను. నిల్వ యున్న వడ్డీ రావలెను గదా. కనుక రాని వడ్డీని వచ్చినట్లు వ్రాయవలెను. సత్యం లెక్కలలో అట్టి వడ్డీయే 376 కోట్లు. లాభమునకు మూలముగా బిల్లులు కావలెను. దర్యాప్తు చేసినవారికి దొంగబిల్లులు ఏడువేలకు పైగా కనబడినవి. ఇన్ని కాగితములు ఒక్కనిచేత తయారు కావు. మొదటి అబద్ధము ఒకరి మనస్సులో పుట్టినను, తరువాతివి పలువురి చేతులను కోరును. ఆ చేతులు గలవారు జీతమునకు పనిచేయు గుమాస్తాలు, అధికారులు. వారికిని ఇండ్లున్నవి, పిల్లలున్నారు. "పైవారు చెప్పిరి, నేను వ్రాసితిని" అను మాట చాలునని వారనుకొనియుందురు.

కావలి కాయవలసినవారు ఏమైరి? లెక్కలు తనిఖీ చేయువారు నిల్వలు నిజమో కాదో బ్యాంకుల నుండి స్వయముగా తెలిసికొనవలెను. ఇక్కడ సంస్థవారు చూపిన పత్రములనే నమ్మిరని పిమ్మట విచారణలో తేలినది. గాదెలో ధాన్యమున్నదా యని మూత తీసి చూడక, గాదె యజమానినే అడిగి వ్రాసికొన్నట్లయినది. పాలకమండలిలో పేరొందిన ఆచార్యులు, ఉన్నతోద్యోగములు చేసినవారు ఉండిరి. అయినను 2008 డిసెంబరు 16వ తేదీన, అధ్యక్షుని కుటుంబమునకు చెందిన రెండు మేటాస్ సంస్థలను సుమారు నూట అరువది కోట్ల డాలర్లకు కొనుటకు వారు సమ్మతించిరి. వాటాదారులు గగ్గోలు పెట్టగా కొన్ని గంటలలోనే ఆ నిర్ణయము రద్దయ్యెను. లేని ఆస్తి స్థానమున ఉన్న ఆస్తిని నిలుపుటకు చేసిన చివరి ప్రయత్నమది యని లేఖ వలన తెలిసినది. ఆ డిసెంబరులోనే, లెక్కలలో మోసమున్నదని తెలుపు లేఖ యొకటి మారుపేరుతో పాలకమండలి సభ్యునకు చేరినది. నిజము తెలిసినవాడు తన పేరు చెప్పుకొనలేకపోయెనన్న విషయము ఆ సంస్థ లోపలి వాతావరణమును తెలుపుచున్నది.

లేఖ వెలువడిన దినముననే వాటా ధర నాలుగింట మూడువంతులకు పైగా పడిపోయెను. జీవితకాలపు మిగులును అందులో పెట్టినవారు ఆ నష్టమును భరించిరి. ప్రభుత్వము వెంటనే క్రొత్త పాలకమండలిని నియమించెను; 2009 ఏప్రిలులో టెక్ మహీంద్రా ఆ సంస్థను చేపట్టెను. 2015 ఏప్రిలులో ప్రత్యేక న్యాయస్థానము పదిమందిని దోషులుగా నిర్ణయించి ఏడేండ్ల శిక్ష విధింపగా, వారు అప్పీలు చేసికొని బెయిలు పొందిరి. 2013నాటి కంపెనీల చట్టము తనిఖీదారులను గడువు ప్రకారము మార్చవలెనని, మోసము కనబడినచో వారు తెలియజేయవలెనని నియమించినది.

ఇందుకు భిన్నమైన నిర్ణయము నొకదానిని చూతము. 1982లో అమెరికాలోని చికాగో ప్రాంతమున టైలెనాల్ అను నొప్పిమాత్రలు మ్రింగిన ఏడుగురు మరణించిరి. అంగళ్లకు చేరిన సీసాలలో ఎవరో సైనైడు విషము కలిపిరి. తయారుచేసిన జాన్సన్ అండ్ జాన్సన్ సంస్థ తప్పు ఇందులో లేదు. ఆ ప్రాంతపు సీసాలను మాత్రమే వెనుకకు తీసికొని, తక్కినవి అమ్ముకొనవచ్చునని వాదించుటకు అవకాశముండెను. వారట్లు చేయక, దేశమంతట నున్న మూడుకోట్ల పదిలక్షల సీసాలను వెనుకకు పిలిపించిరి. దానికైన వ్యయము సుమారు పదికోట్ల డాలర్లు. పిమ్మట విప్పినచో తెలిసిపోవు మూత వేసి మరల అమ్మిరి. ప్రజలు మరల కొనిరి. మా మొదటి బాధ్యత మందు వాడువారికి, వాటాదారులకు చివరిది, అని 1943లోనే ఆ సంస్థ వ్రాసి పెట్టుకొనియుండెను. ఆపద వచ్చినపుడు క్రొత్తగా నీతిని వెదకుకొనవలసిన పని లేకపోయెను. అయినను అదే సంస్థ తరువాతి కాలమున ఇతర వస్తువుల విషయమున పెద్ద వ్యాజ్యముల నెదుర్కొనవలసి వచ్చెను. ఒకనాటి మంచి నిర్ణయము మరునాటికి నిల్వ యుండదు, దినదినము చేయవలసినదే.

ఈ రెండు వృత్తాంతముల నుండి ఏ నిర్ణయమునకు ముందైనను వేసికొనదగిన ప్రశ్నలు మూడు కనబడుచున్నవి. ఈ పని వలన నష్టపోవువారికి ఇది తెలిసినచో వారు సమ్మతింతురా? నేడు చేసినదానిని కప్పుటకు రేపు మరియొకటి చేయవలసి వచ్చునా? ఇది తప్పని చెప్పదలచిన చిన్న ఉద్యోగికి నా గది తలుపు తెరచియున్నదా? మొదటి రెండును పెద్దలకు వెంటనే స్ఫురించును. మూడవది మరపునకు వచ్చును. సత్యం విషయమున మొదటి ఏడాదిలోనే ఒక గుమాస్తా భయములేక కాదనగలిగియున్నచో, ఆ భేదము స్వల్పముగా నున్నపుడే బయటపడియుండెడిది. అప్పటి అవమానము ఒక మూడునెలల తక్కువ లాభముతో ముగిసెడిది.

మన ఇండ్లలోని పిల్లలు ఎందరో ఇట్టి సంస్థలలో, ఈ దేశమునను విదేశములలోను, ఉద్యోగములు చేయుచున్నారు. ఉద్యోగము రాగానే జీతమెంత యని అడుగుదుము. అది సహజమే. కాని వారెన్నడైన ఇంటికి వచ్చి, ఒక కాగితముపై సంతకము చేయమనుచున్నారు, మనస్సొప్పుట లేదని చెప్పినచో, ఇంటిల్లిపాది ఏమందుము? "పోనీలే, అందరును చేయుచున్నారు గదా" అందుమా? "ఉద్యోగము పోయినను పోవుగాక, నెల రెండునెలలు సర్దుకొందము" అందుమా? సంస్థ గదిలో జరుగు నిర్ణయమునకు ఈ సమాధానము కూడ కొంత ఆధారము. ఆ రెండవ మాట అనగల ఇల్లు వెనుక నున్నవానికి, సంతకము చేయనని చెప్పుటకు కొంత ధైర్యము చిక్కును.