వారిని ఏమని పిలవవలెను?

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



పంచాంగ శ్రవణం అయినది, పచ్చడి పంచినారు. పాటకచేరీకి ముందు ఒక పావుగంట మమ్మల్ని మాట్లాడమన్నారు. మేము ఎంచుకున్న విషయం విని, పండుగపూట ఇదేమి ప్రసంగమని కొందరికి తోచవచ్చు. ఇంట్లో ఎవరూ పెదవి విప్పని సంగతి గనుకనే, నలుగురు కూడినచోట చెప్పడం మంచిదనుకున్నాము.

మాది యానాం, అగ్రహారం. మా చిన్నతనంలో మా వీధిలో ఒక అమ్మాయి వుండేది. చదువులో మా అందరికన్న ముందు. పదహారేళ్ళు నిండినా పెద్దమనిషి కాలేదు. మేనబావకు ఇవ్వవలెనని ఇంట్లో అనుకుంటున్నారు గనుక, ఒక వైద్యునికి చూపించినారు. ఆయన తలుపు వేసి తల్లిదండ్రులకు ఏదో చెప్పినారు. ఆ పిల్లకు మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేదు. తలుపు వేసినంత మాత్రాన మాట ఆగుతుందా? వారం తిరగకముందే వీధి అంతా కలిసి ఆమెకు ఒక పేరు పెట్టినది. కుళాయి దగ్గర ఆ పేరు పెట్టి పిలిచి నవ్విన పిల్లలలో మేమూ వున్నాము. పరీక్షలు రాయకుండానే ఆ అమ్మాయి ఊరు విడిచి వెళ్ళిపోయినది. మళ్ళీ కబురు లేదు. మేము పిలిచిన పేరు తప్పని మాకు తెలియడానికి ముప్పయి ఏళ్ళు పట్టినది. ఈనాటి ఈ మాటలు ఆ బాకీలో ఒక వాయిదా అనుకోండి.

మనం మూడు వేరువేరు సంగతులను ఒకే మూటలో కట్టి, ఒకే తిట్టు తగిలిస్తాము. శరీరం ఎట్లా పుట్టినది అనేది మొదటిది. తాను ఆడో మగో మరొకటో తన మనసుకు ఎట్లా తెలుస్తున్నది అనేది రెండవది. ఎవరి మీద మనసు పడుతున్నది అనేది మూడవది. పుట్టుకలోనే శరీర లక్షణాలు ఆడ, మగ అనే రెండు మూసలలోనూ పూర్తిగా ఇమడనివారిని ఇంటర్‌సెక్స్ వ్యక్తులంటున్నారు. పుట్టినప్పుడు పెద్దలు చెప్పిన లింగం ఒకటీ, తాము ఎరిగిన తమ లింగం మరొకటీ అయినవారిని ట్రాన్స్‌జెండర్ వ్యక్తులంటున్నారు. మూడవ సంగతి ఈ రెండింటితోనూ ముడిపడినది కాదు.

ముందు శరీరం మాట. మన కణాలలో సాధారణంగా 46 క్రోమోజోములు వుంటాయి. అందులో ఆడవారికి రెండు ఎక్స్‌లు, మగవారికి ఒక ఎక్స్, ఒక వై వుంటాయని బళ్ళో చదువుకున్నాము. తల్లి గర్భంలో సుమారు ఆరేడు వారాల వరకు ఏ పిండానికైనా బీజగ్రంథులు ఒక్క తీరుగానే వుంటాయి. వై మీద వున్న ఎస్ఆర్‌వై అనే జన్యువు వాటిని వృషణాలుగా మలుస్తుంది. దీనిని 1990లో గుర్తించినారు. ఆ మీదట హార్మోనులు పని సాగిస్తాయి. ఈ దారిలో ఎక్కడ మలుపు తిరిగినా బిడ్డ శరీరం వేరుగా రూపు కడుతుంది. కొందరికి క్రోమోజోములు ఎక్స్, వై అయినా, పురుష హార్మోనును శరీరం అందుకోదు. పైకి ఆడపిల్లే, పెరిగేదీ ఆడపిల్లగానే. కాని గర్భసంచి వుండదు, ముట్టు రాదు. మా వీధి అమ్మాయిది ఇదే అయివుండునేమోనని ఇప్పుడు అనుకుంటున్నాము. ముట్టు రాకపోవడానికి వేరే కారణాలూ కద్దు.

మేనరికాలు చేసుకునే మనవంటివారు తప్పక తెలుసుకోవలసినది మరొకటి వున్నది. మూత్రపిండాల మీద వుండే ఎడ్రినల్ గ్రంథులలో పుట్టుకతోనే వచ్చే ఒక లోపం వల్ల, కొందరు ఆడశిశువుల జననాంగం మగబిడ్డదిలా కనిపిస్తుంది. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జన్యువును మోస్తేనే బిడ్డకు వస్తుంది గనుక, దగ్గర సంబంధాలలో దీనికి అవకాశం ఎక్కువ. ఈ లోపం తీవ్రంగా వున్న శిశువు ఒంట్లోని ఉప్పు నిలవదు. పుట్టిన రెండు మూడు వారాలలోనే వాంతులు పట్టుకొని, బరువు తగ్గి, ప్రాణం మీదికి వస్తుంది. మగబిడ్డకు పైకి ఏ తేడా కనపడదు గనుక ఇంకా ప్రమాదం. దిష్టి అని కూర్చోక, వెంటనే పెద్దాసుపత్రికి తీసుకుపోయి రక్తపరీక్ష చేయించవలెను. మందులు జీవితాంతం వాడితే బిడ్డ బతికి బట్ట కడుతుంది.

ప్రాణం నిలిపే వైద్యం వేరు, చూపులకు బాగుండాలని పసిబిడ్డ మీద కత్తి పెట్టడం వేరు. యానాం చుట్టూ ఆంధ్రదేశమే వున్నా, పుదుచ్చేరిలో భాగం గనుక మా హైకోర్టు మద్రాసుది. ఆ న్యాయస్థానం 2019 ఏప్రిల్ 22న ఇచ్చిన తీర్పులో, ఇంటర్‌సెక్స్ శిశువులకు ఇటువంటి శస్త్రచికిత్సలు చేయకుండా ఆపవలెనని చెప్పినది. అదే సంవత్సరం ఆగస్టులో తమిళనాడు ప్రభుత్వం, ప్రాణాపాయం వుంటే తప్ప చేయరాదని ఉత్తర్వు ఇచ్చినది. ఆ తీర్పులోనే మరొక మాట వున్నది. హిందూ వివాహ చట్టంలోని వధువు అనే పదం ట్రాన్స్ మహిళకూ వర్తిస్తుందన్నారు. ఒక్క పదానికి అర్థం విశాలమైతే ఒక ఇల్లు నిలబడినది చూడండి!

ఇక పేర్లు. వానపాము, నత్త ఉభయలింగజీవులని చదివినాము. మనిషిలో రెండు పునరుత్పత్తి అమరికలూ పూర్తిగా పనిచేయడమనేది లేదు గనుక, మనుషులను ఆ మాటతో పిలవడం పొరపాటు. నపుంసకుడనే మాటను సంసారానికి పనికిరానివాడనే అర్థంలో వాడుతున్నాము. ఆ సంగతి వేరు, ఈ సంగతి వేరు. హిజ్రా అనేది శరీరస్థితి పేరు కాదు. గురువు, చేలాలు, కట్టుబాట్లు వున్న ఒక సమాజం పేరు. ట్రాన్స్‌జెండర్లందరూ హిజ్రాలు కారు. తెలంగాణ శివసతులకు వారి సంప్రదాయం వారికున్నది. ఆడపిల్లగా పెరిగి మగవానిగా బతికే ట్రాన్స్ పురుషులున్నారన్న మాటే మనకు గుర్తుండదు. కొజ్జా, మాడా అనేవి తిట్లు. శిఖండి పేరునూ, బృహన్నల పేరునూ తిట్లుగా వాడేవారు భారతం సరిగా చదవనివారే. అమరకోశంలోనే తృతీయాప్రకృతి అనే పదం వున్నదంటే, వీరు ఈనాడు కొత్తగా పుట్టుకొచ్చినవారు కారు. తమిళులు తిరునంగై అనే గౌరవమైన మాటను వాడుకలోకి తెచ్చుకున్నారు. 2022లో అక్కడి ప్రభుత్వం ఇటువంటి పదాల పట్టికనే గెజిట్‌లో ప్రకటించినది.

మాటకు ఇంత పట్టింపు ఎందుకంటారా? మాటే చట్టమవుతుంది గనుక. హైదరాబాదు సంస్థానంలో 1329 ఫసలీలో, అంటే 1919 ప్రాంతంలో, ఒక చట్టం వచ్చినది. వీరి పేర్లు రిజిస్టరులో ఎక్కించాలట, ఆడవేషంతో బజారులో కనిపిస్తే వారంటు లేకుండానే పట్టుకోవచ్చునట! అది రాజ్యాంగ విరుద్ధమని తెలంగాణ హైకోర్టు 2023 జూలైలో కొట్టివేసేవరకు పుస్తకాలలో వున్నది. ఈలోగా 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు, ఎవరి లింగమేమిటో చెప్పుకునే హక్కు వారిదేననీ, అందుకు శస్త్రచికిత్స చేయించుకొమ్మని పట్టుపట్టరాదనీ తీర్పు చెప్పినది. 2019లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసినది. చట్టాలు మారుతుంటాయి గనుక, కాగితాలు కావలసినవారు ఆనాటి నిబంధనలు కలెక్టరు కచేరీలో విచారించుకోవలెను. 2011 జనాభా లెక్కలలో ఆడ, మగ గళ్ళు కాక ఇతరులు అనే గడిలో చేరినవారు దేశంలో 4,87,803 మంది. అందులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌వారు 43,769 మంది.

చట్టానికన్న ముందే దారి చూపినది మన తెలుగు. వాడు వచ్చినాడు, అది వచ్చినది అన్నప్పుడే ఆడా మగా అనే చిక్కు. వారు వచ్చినారు అంటే ఆడైనా, మగైనా, మరెవరైనా మనిషే. మర్యాదగా మాట్లాడిన తెలుగులో ఆ చిక్కే లేదు. మాట చివర అండీ లేనిదే నోరు కదలని గోదావరివాళ్ళము, వీరి దగ్గరకు వచ్చేసరికి మాత్రం అది, ఇది అంటున్నాము. తెలియనప్పుడు మీరు, వారు అనండి. పేరు అడగండి. ఆమె అని పిలవమంటే ఆమె అనండి, ఆయన అనమంటే ఆయన అనండి. వారి శరీరం సంగతి మాత్రం అడగకండి, అది మన పని కాదు.

పరాయి ఊరు వచ్చిన మనకు ఇది వివరించి చెప్పనక్కరలేదు. తెలుగువారమని ఎన్నిమార్లు చెప్పినా మద్రాసీ అని పిలిపించుకొని నొచ్చుకున్నవాళ్ళము గదా. రేపు మన ఇంటి బిడ్డే మన ముందుకు వచ్చి, అమ్మా, నేను మీరనుకున్నట్టు లేను అంటే, పరువు గుర్తుకు రాకముందు బిడ్డ గుర్తుకు రావలెను. వైద్యుడు చెప్పినది, వయసుకు తగినట్టు, బిడ్డకు చెప్పండి. గడప దాటి పోనివ్వకండి.

మా వీధి అమ్మాయికి తల్లిదండ్రులు పెట్టిన చక్కని పేరు ఒకటి వున్నది. ఎప్పుడైనా ఎదురుపడితే, ఆ పేరు చివర గారు చేర్చి పిలిచి, ఇప్పుడు మిమ్మల్ని ఏమని పిలవమంటారని అడగవలెనని మా కోరిక. ఆ తరువాత క్షమించమని అడుగుతాము.

సెలవు.