ఆటకు హాజరు

 

ఏదైనా కొత్త విషయం మాట్లాడమన్నారు కార్యదర్శి గారు. కొత్తదే గానీ, ఒక తప్పు ఒప్పుకుని మొదలుపెట్టాలి. మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. కిందటేడు వాడూ, ముగ్గురు స్నేహితులూ బీజీఎంఐ ఆడే జట్టుగా హైదరాబాదులో కాలేజీల పోటీకి వెళ్లారు. అదే వారం వాళ్ల క్రికెట్ జట్టూ బయట ఆడింది. క్రికెట్ వాళ్లకు ఆన్‌డ్యూటీ వేశారు, వీళ్లకు ఆబ్సెంట్. అసలే అంతంతమాత్రంగా ఉన్న మావాడి హాజరు 75 శాతం కిందకు జారింది. కాండొనేషన్‌కు డాక్టరు సర్టిఫికెట్ కావాలంటే, జ్వరమొచ్చిందని నేనే తెచ్చి ఇచ్చాను. అబద్ధమాడితే బెంచీ ఎక్కించిన మాస్టారు ఇక్కడే ఉన్నారు, క్షమించాలి.

ఫోన్ మీద వేళ్లాడించడం ఆటేనా అని నేనూ అడిగినవాణ్నే. కానీ గుడివాడ అమ్మాయి కోనేరు హంపి 2002లో గ్రాండ్‌మాస్టర్ అయితే, కూర్చుని ఆడేది ఆటేనా అని మనమెవరమూ అడగలేదే! షికాగోలోని రాబర్ట్ మోరిస్ విశ్వవిద్యాలయం 2014లోనే ఈ-స్పోర్ట్స్‌కు క్రీడా స్కాలర్‌షిప్పులు ప్రకటించింది. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో పతకాలిచ్చారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబరులో గుర్తించింది. 2025లో వచ్చిన చట్టం డబ్బు పందేల ఆటల్ని నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వాటినుంచి విడదీసింది. మన ఇళ్లలో మాత్రం రెండూ ఒకటే అనుకుంటున్నాం.

గుర్తించకపోతే పిల్లలు మానేస్తారా? హాస్టల్లో రాత్రి రెండింటిదాకా దుప్పటి కింద ఆడుతూనే ఉన్నారు. గుర్తిస్తే ఒక గది, సాయంత్రం రెండు గంటలు, పైన పీడీ గారి కన్ను ఉంటాయి. బ్యాక్‌లాగ్ ఉన్నవాడికి జట్టులో చోటు లేదని చెప్పే హక్కు కాలేజీకి వస్తుంది. నాకు కావలసింది అదే.

ఇంజనీరుగా నాకు తోచిన చిక్కు వేరే ఉంది. కబడ్డీకి యజమాని లేడు, నేలమీద గీత గీసుకుంటే చాలు. ఇక్కడ సర్వరూ కంపెనీదే, నిబంధనలూ కంపెనీవే. 2022 జులైలో ప్రభుత్వ ఆదేశంతో బీజీఎంఐని యాప్ స్టోర్ల నుంచి తీసేస్తే, మళ్లీ 2023 మే దాకా రాలేదు. కాబట్టి కాలేజీ ఒక్క గేమ్‌నే నమ్ముకుని జట్టు కట్టకూడదు.

మనవాళ్లలో కాలేజీ యాజమాన్యాల్లో ఉన్నవారున్నారు. వచ్చే సమావేశంలో ఈ ఆన్‌డ్యూటీ సంగతి ఒక్కసారి ఎత్తండి. మావాడు జనవరిలో ఇంకో పోటీ ఉందంటున్నాడు. ఈసారి సర్టిఫికెట్ తేనని చెప్పేశాను.