కత్తిరింపు ముక్కలతో మిషను బొంతలు
(రైతు కుటుంబాల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వేరుశనగ విత్తనశుద్ధి గురించో, కందిలో కాయతొలుచు పురుగు గురించో చెప్పవలసిన వ్యవసాయ అధ్యాపకుడు బొంతల గురించి మాట్లాడుట ఏమిటని మీలో కొందరికి తోచవచ్చును. కారణం చెప్పెదను. మన అనంతపురం మెట్టలో ఏడాదికి సగటున పడు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు అదనుకు పడునన్న నమ్మకం లేదు. జూన్, జూలై నెలలలో వేసిన వేరుశనగను అక్టోబరు, నవంబరులలో పెరికిన తరువాత, బోరు లేని మెట్ట రైతుకు మరల దుక్కి దున్నువరకు పొలంలో పని బహు స్వల్పం. చేను ఎండిన యేడు ఆ ఖాళీ ఆగస్టులోనే మొదలగును. బెంగళూరు బస్సు ఎక్కువారు ఎక్కుచున్నారు. ఇంటి వద్ద మిగిలినవారి చేతులకు పని ఉండదు. అయితే చాలా ఇళ్ళలో ఒక కుట్టు మిషను ఉన్నది. రవికలు, లంగాలు కుట్టిన పిమ్మట దానిపై గుడ్డ కప్పి ఉంచుచున్నారు. ఆ మిషను, ఈ ఖాళీ నెలలు, రాయదుర్గం, బళ్ళారి జీన్సు కుట్టు కేంద్రాలలో మిగిలిపోవు కత్తిరింపు ముక్కలు, ఈ మూడింటిని కలిపి ఏమి చేయవచ్చునో చెప్పుట నా ఉద్దేశం.

పోయిన పంటను బొంతలు పూడ్చునని నేను చెప్పుట లేదు. అట్లు చెప్పువారిని నమ్మవద్దు.

బొంత మనకు కొత్త వస్తువు కాదు. పాత చీరెలు, పంచెలు పొరలు పొరలుగా పరచి చేతి సూదితో కుట్టుట మన అవ్వలందరికీ తెలిసిన విద్యయే. బళ్ళారి వైపు దీనినే కౌది అందురు. ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీలను జాతివారు పాత చీరెపై ముక్కలను ఒక మూల నుండి మొదలుపెట్టి అంచుల వెంట తిరుగుచు నడుమకు వచ్చునట్లు కుట్టుదురు. తండాలలోని సుగాలీ అమ్మల చేతిపని మీరందరు చూచినదే. సండూరు లంబాడీ కుట్టుపనికి భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. కనుక సూది పట్టుట నేర్పుటకు నేను రాలేదు. పాత చీరెకు బదులు కొత్త ముక్క, చేతి సూదికి బదులు మిషను వచ్చినప్పుడు ఏమి మారునో అది మాత్రం చెప్పెదను. మారునది చాలా ఉన్నది.

మొదట ముక్కల సంగతి. విదేశాలలో బొంతలు కుట్టువారి కొరకు దుకాణాలలో గుడ్డను ముందే కొలతకు కత్తిరించి అమ్ముదురు. అయిదంగుళాల చదరాలు, పదంగుళాల చదరాలు, రెండున్నర అంగుళాల పట్టీల చుట్టలు దొరకును. మనకు దొరకునవి అట్టివి కావు. ప్యాంట్లు కత్తిరించగా మిగిలిన కొడవలి వంపు ముక్కలు, పొడవాటి అంచు పట్టీలు, తాను చివరి ముక్కలు ఒకే మూటలో కలిసి వచ్చును. మూట కొనుటకు ముందు చేయి పెట్టి అడుగు వరకు చూడవలెను. పైన వెడల్పు ముక్కలు పరచి అడుగున పీలికలు నింపుట కద్దు.

ప్రతి ముక్కను రెండు చేతులతో లాగి చూడవలెను. నేటి జీన్సు గుడ్డలో సాగెడు నూలు కలిపినది చాలా ఉన్నది. అది లాగిన సాగి, వదలిన మరల ముడుచుకొనును. సాగు ముక్కను, సాగని ముక్కను ప్రక్క ప్రక్కన కుట్టినచో ఒక్క ఉతుకుకే బొంత బుడిపెలు కట్టును. వాటిని వేరు చేసి రెండు కుప్పలు పెట్టవలెను. నూలుగుడ్డ అవునో కాదో తెలియనిచో నాలుగు పోగులు లాగి నిప్పు అంటించవలెను. నూలైనచో కాగితం కాలిన వాసన వచ్చి మెత్తని బూడిద మిగులును. కరిగి గట్టి పూసవలె ఉండ కట్టినచో అందులో పాలిస్టర్ ఉన్నదని గ్రహించవలెను. చలికాలం పొయ్యి దగ్గర పిల్లలపై కప్పు బొంతకు అట్టిది పనికిరాదు.

ఇక కత్తిరించుట. చదరం అంచులు పడుగు వెంట, పేక వెంట సరిగా ఉండవలెను. ఏటవాలుగా కత్తిరించిన అంచు మిషను పాదం క్రింద సాగిపోవును. ధర్మవరం మగ్గం చూచినవారికి ఇంతకంటె చెప్పనక్కరలేదు.

ఎంత ముక్క కత్తిరించవలెను? ఇక్కడనే ఎక్కువమంది నష్టపోవుచున్నారు. పెద్దవారు కప్పుకొను బొంత 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు అనుకొందము. జీన్సు గుడ్డకు కుట్టు బయట అర అంగుళం వదలవలెను, లేనిచో పోగులు ఊడి కుట్టు విడిపోవును. 7 అంగుళాల చదరం కత్తిరించినచో కుట్టిన తరువాత 6 అంగుళాలు కనిపించును. వెడల్పుకు 10, పొడవుకు 14, మొత్తం 140 ముక్కలు. కత్తిరించిన గుడ్డ 6,860 చదరపు అంగుళాలు, బొంత మాత్రం 5,040 చదరపు అంగుళాలు. అనగా నూటికి 36 వంతులు అధికంగా గుడ్డ పట్టినది. అదే బొంతను అందంగా ఉండునని 3 అంగుళాల చదరాలతో కుట్టదలచినచో 4 అంగుళాల ముక్కలు 560 కావలెను, గుడ్డ నూటికి 78 వంతులు అధికంగా పట్టును. ఆ అధికమంతయు కుట్ల లోపల దాగి బరువు పెంచును, సూదులు విరుచును. దారం ఖర్చు, కాలం ఖర్చు సరేసరి. కనుక జీన్సు ముక్కలకు 6 అంగుళాల కంటె చిన్న చదరం వద్దని నా అభిప్రాయం. సన్నని చొక్కా గుడ్డకైతే పావు అంగుళం వదలిన చాలును, చిన్న ముక్కలైనను ఫరవాలేదు.

బరువు కూడ లెక్క వేయుడు. మామూలు జీన్సు గుడ్డ చదరపు గజానికి 12 ఔన్సులు తూగునది అనుకొన్నచో, పైన చెప్పిన 140 ముక్కలే ఇంచుమించు 1,800 గ్రాములు. కాబట్టి లోపల దూది అక్కరలేదు. నడుమ ఒక పాత లుంగీ పొర, అడుగున మెత్తని పాత చీరె చాలును. చొక్కా గుడ్డల బొంతలో దూది పెట్టదలచినవారు మూడు, నాలుగు అంగుళాలకు ఒక కుట్టు వేయవలెను. లేనిచో ఉతికినప్పుడు దూది ఒక మూలకు చేరి ఉండ కట్టును.

ఇప్పుడు తీరు, అనగా డిజైను. ఇది పుస్తకం చూచి దించవలసినది కాదు. గడుల కాగితంపై అడ్డంగా 10, నిలువుగా 14 గడులు గీసి, ఒక్కొక్క గడిని ఒక ముక్కగా భావించి రంగు నింపుడు. జీన్సు గుడ్డలో పడుగు పోగుకే నీలి రంగు ఉండును, పేక తెల్లనిది. అందుచేత గుడ్డను తిరగవేసినచో లేత రంగు కనిపించును. ఒకే ముక్కలో రెండు రంగులు ఉన్నవన్నమాట. ముదురు, నడిమి, లేత అని మూడు కుప్పలు పెట్టుకొని, కళ్ళు సగం మూసి చూచినచో ఏది ఎందులోనికి పోవునో తెలియును.

తీరు ఎక్కడ నుండి తెచ్చుకొనవలెనని అడుగుదురు. మీ చేను చాలదా? ఏడు సాళ్ళ వేరుశనగకు ఒక సాలు కంది వేయుట మీకు తెలిసినదే. పద్నాలుగు అడ్డ వరుసలలో 4వది, 11వది పాత ఎర్ర చీరె ముక్కలతో వేసి, తక్కినవన్ని నీలి రంగుతో నింపి చూడుడు. అటు ఇటు సమంగా ఉండును. ఆ ఎర్ర వరుసలను 4, 9 స్థానాలకు మార్చి చూడుడు, బొంత నడక వెంటనే మారిపోవును. ఎర్ర వరుసలో విత్తనం మొలవని సందులవలె రెండు మూడు చోట్ల నీలి ముక్క పడనిచ్చినచో మరియొక తీరు. గట్లు, కుంటలు, సమతల బోదెలు, వంక తిరిగిన చేని అంచు, ఇవన్నియు తీరులే. కుట్టుటకు ముందు ముక్కలను వాకిట్లో పరచి, మేడ మీదనో అరుగు మీదనో నిలబడి చూడవలెను. ఇంటివారందరు తలకొక మాట చెప్పుదురు. విని, కుట్టునామె తన మనసుకు తోచినట్లు చేయవలెను.

సొంత తీరు గురించి ఇంత పట్టుబట్టుటకు ఒక కారణమున్నది. అమెరికాలో అలబామా రాష్ట్రమందు ఒక నది వంపులో జీస్ బెండ్ అను పల్లె ఉన్నది. అది నల్లజాతి పత్తి రైతుల పల్లె. 1932లో, అప్పు పెట్టిన వర్తకుడు చనిపోయిన పిమ్మట అతని ఇంటివారు బాకీ క్రింద ఆ రైతుల పనిముట్లు, పశువులు, తిండి గింజలు సైతం పట్టుకొనిపోయినారు. ఆ ఇళ్ళ ఆడవారు పొలంలో చిరిగిన పని బట్టలనే ముక్కలు చేసి చలికి బొంతలు కుట్టుకొన్నారు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఫ్రీడం క్విల్టింగ్ బీ అను సహకార సంఘం పెట్టుకొన్నారు. తరువాత సియర్స్ కంపెనీ వారికి కార్డురాయ్ గుడ్డతో దిండు గలేబులు కుట్టు పని ఇచ్చినది. గలేబులన్నియు ఒకే అచ్చు. అందువలన కూలి వచ్చినది, అదియు అవసరమే. మిగిలిన కార్డురాయ్ ముక్కలతో వారు ఇండ్లలో తమకు తోచిన బొంతలు కుట్టుకొన్నారు. 2002లో హ్యూస్టన్, న్యూయార్కు నగరాల మ్యూజియంలలో గోడకు వేలాడినవి గలేబులు కావు, ఆ పల్లె బొంతలు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు కూడ వచ్చినవి. మన బొంతలు మ్యూజియంకు పోవునని నేను అనుట లేదు. ఒకే అచ్చు సరుకులో మనము యంత్రాల కంబళ్ళతో ధరకు పోటీ పడలేము. మరియొకచోట దొరకని తీరు ఉన్నప్పుడే కొనువాడు ఆగి చూచును.

మిషను మీద కుట్టుటలో మూడు చిక్కులున్నవి.

మొదటిది కొలత తప్పుట. వదలవలసిన అర అంగుళంలో ఒక నూలు, అనగా అంగుళంలో ఎనిమిదో వంతు, ఎక్కువైనచో రెండు ముక్కల వైపు కలిసి కుట్టుకు పావు అంగుళం పోవును. 14 ముక్కల వరుసలో 13 కుట్లు, మొత్తం మూడుంబావు అంగుళాలు పోయినట్లే. ప్రక్క వరుస సరిగా కుట్టి ఉన్నచో రెండును కలియవు. మిషను పళ్ళెంపై సూదికి సరిగా అర అంగుళం దూరంలో ఒక అంటుపట్టీ అంటించి, గుడ్డ అంచును దానికి ఆనించి నడిపినచో ఈ తప్పు రాదు. కుట్టిన ప్రతి కుట్టును విప్పి రెండు వైపులా పరచి ఇస్త్రీ చేయవలెను. నాలుగు ముక్కలు కలియుచోట మందం తగ్గుటకు వేరు ఉపాయం లేదు. సూది 16వ నంబరుది వాడవలెను. చొక్కా గుడ్డకు 14వ నంబరు సూది చాలును.

రెండవ చిక్కు ముడతలు. మిషను పండ్లు అడుగు పొరను ముందుకు లాగును, పాదం పై పొరను ఆపును. అందుచేత చివరకు వచ్చుసరికి పై గుడ్డ మిగిలిపోయి ముడత పడును. దీనికొరకు పై పొరను కూడ నడిపించు పాదం వేరుగా అమ్ముచున్నారు. అది లేనివారు పాదం ఒత్తిడి మరను కొంచెం వదులు చేసి, మూడు పొరలను నాలుగేసి అంగుళాలకు ఒక కచ్చా కుట్టు వేసి కట్టడి చేసి, కుట్టు పొడవు పెంచి అంగుళానికి ఎనిమిది కుట్లు పడునట్లు పెట్టుకొనవలెను. సిద్దీల చేతికుట్టు అంచు నుండి నడుమకు వచ్చునని చెప్పితిని. మిషను కుట్టు నడుమ నుండి అంచుకు పోవలెను. అప్పుడే మిగులు గుడ్డ బయటికి జరుగును.

మూడవ చిక్కు పెద్దది. ఇంటి మిషను చేయి క్రింద అయిదడుగుల బొంత చుట్ట పట్టదు, పట్టినను బరువుకు భుజాలు పోవును. దీనికి ఉపాయం మనం మడులు కట్టినట్లు బొంతను మూడు నిలువు పట్టీలుగా విడదీయుట. మూడు, నాలుగు, మూడు ముక్కల వెడల్పున మూడు పట్టీలు చేసి, ఒక్కొక్క దానికి లోపలి పొర, అడుగు చీరె వేరువేరుగా వేసి కుట్టు ముగించవలెను. కలుపవలసిన అంచులలో మాత్రం లోపలి లుంగీ పొరను అర అంగుళం వెనుకకు కత్తిరించవలెను. తరువాత రెండు పట్టీలను ముఖాముఖి పెట్టి, ముక్కల కూడళ్ళను గుండుసూదులతో సరిచూచి, అర అంగుళం వదలి కుట్టవలెను. వెనుక తేలిన అంచులను విప్పి పరచి, రెండున్నర అంగుళాల పలుచని గుడ్డ పట్టీ అంచులను అర అంగుళం చొప్పున లోనికి మడిచి, దానిపై కప్పి కుట్టవలెను. ఈ చివరి కుట్టు చేతితో వేసినను మంచిదే. చుట్టూ అంచు చీరె అంచుతో కట్టవచ్చును.

లెక్క గురించి రెండు మాటలు. పంట ఖర్చు లెక్కలో ఇంటివారి శ్రమకు కూలి వేయవలెనని మేము మీకు చెప్పుచుందుము. మద్దతు ధర లెక్కలో కూడ పెట్టిన ఖర్చులకు ఇంటివారి శ్రమ విలువ కలుపుదురు. బొంతకు మాత్రం ఆ నియమం ఏల వర్తించదు? ముక్కలు ఏరుట మొదలు అంచు కట్టువరకు పట్టిన గంటలను ఒక నోటు పుస్తకంలో వ్రాయుడు. మీ ఊరిలో కలుపుకూలి గంటకు ఎంతో ఆ లెక్కన కట్టి, దారం, సూదులు, మూట ఖర్చు, కరెంటు కలుపుడు. వచ్చిన మొత్తం కంటె తక్కువకు అడుగువారికి బొంత ఇవ్వవద్దు, ఇంట్లోనే కప్పుకొనుడు. అమ్మిన డబ్బు కుట్టినామె చేతికి పోవలెను. ఈ మాటకు వెనుక వరుసలో కొందరు నవ్వుచున్నారు. చేను కౌలు డబ్బు ఎవరి చేతికి పోవలెనో అడిగినచో వారు నవ్వరు.

అప్పు చేసి కొత్త మిషను కొనవద్దు. ఉన్న మిషనుతో రెండు బొంతలు ఇంటికే కుట్టుకొని, ఒక చలికాలం వాడి, ఎక్కడ కుట్టు వదలినదో, ఎక్కడ గుడ్డ ముడుచుకొన్నదో చూచిన తరువాతనే మూడవదానిని అమ్మకానికి కుట్టవలెను.

ముక్కలను కత్తిరించుటకు ముందే ఒకసారి నీళ్ళలో నానబెట్టి ఆరవేయుట మరువవద్దు. ముడుచుకొనునది చాలవరకు అప్పుడే ముడుచుకొనును. అయినను కొత్త నీలి గుడ్డ రంగు ఒక్క ఉతుకుతో పోదు. ఉప్పు వేసినను, కుంకుడు వేసినను అంతే. లేత రంగు చీరె ముక్కలు వాడినవారు ముదురు ముక్కలను తెల్లని తడిగుడ్డతో రుద్ది, రంగు అంటనంతవరకు ఉతికి వాడవలెను. ఉతికిన బొంతను తీగెపై వ్రేలాడదీయక, నులక మంచంపై పరచి నీడన ఆరవేయుడు.