ఫైనాన్స్ ఉద్యోగం పోతే కేసు వేయాలా?

2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థల వసూళ్లను అదుపు చేస్తూ ఆర్డినెన్సు తెచ్చింది. అప్పు తీసుకున్న ఆడవాళ్లకు అది ఊరట. వసూళ్లు పడిపోయాక సంస్థలు బ్రాంచీలు మూసేశాయి; ఊరూరా తిరిగి కిస్తీలు కట్టించుకున్న కుర్రాళ్లు రోడ్డున పడ్డారు. వాళ్ల గోడు పట్టించుకున్నవాళ్లు తక్కువ.

ఇప్పుడు మన్యంలోని సీలేరులో ఎవరికైనా అలాంటి ఉద్యోగం పోతే? విశాఖలోని పారిశ్రామిక ట్రిబ్యునల్‌కు వెళ్లాలంటే ఘాట్ రోడ్డు దిగాలి. వాయిదా వాయిదాకీ బస్సు ఖర్చు, పోయిన కూలి. అందుకే ముందు లెక్క చూసుకోండి. ఆగిన జీతం కోసమే అయితే కార్మిక శాఖ అధికారికి ఇచ్చే అర్జీతోనే తేలిపోవచ్చు.

సొమ్ము కాజేశాడని నింద వేసి తీసేస్తే మాత్రం ఊరుకోవద్దంటాను. ఆ మచ్చ తర్వాతి ఉద్యోగానికీ అడ్డుపడుతుంది. సంజాయిషీ అడిగారా, విచారణ జరిపారా అన్నదే అక్కడ కీలకం. నియామక పత్రం, జీతం చీటీలు, వాట్సాప్ సందేశాలు భద్రం చేసుకోండి. బకాయిలేమీ లేవన్న కాగితంపై తొందరపడి సంతకం పెట్టకండి.

2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం, రాజీ అధికారికి అర్జీ ఇచ్చి 45 రోజులు దాటితే కార్మికుడు నేరుగా ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన 2 ఏళ్లలోపే వెళ్లాలి. మేనేజర్లకు ఈ దారి లేదు.

లాయరు ఫీజుకు భయపడకండి. 1987 న్యాయసేవల చట్టం గిరిజనులకు, మహిళలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచితంగా లాయరును ఇస్తుంది. ఈ న్యాయసహాయం కోసం ఫోన్ నంబరు 15100.