మాస్టారి ఎర్ర సిరా

 

నేను హైదరాబాద్‌లో ఫొటోలు తీసి బతుకుతున్నవాణ్ణి. మోడల్ కావాలనుకునే పిల్లలు ఫోన్‌కి ఫొటోలు పంపి, "ఎలా ఉన్నాను సార్?" అని అడుగుతుంటారు. ఒకప్పుడు అందరికీ నాది ఒకటే జవాబు: "బాగున్నావమ్మా, ప్రయత్నించు."

ఆ మాట నమ్మి ఒకమ్మాయి, తల్లి గాజులు తాకట్టు పెట్టించి, పోర్ట్‌ఫోలియో కోసమని ఎవరో ఏజెంటుకు డబ్బు కట్టింది. అతను మళ్లీ కనబడలేదు. ర్యాంప్ మీద నడిచే అమ్మాయిలకు సాధారణంగా 5 అడుగుల 8 అంగుళాల ఎత్తయినా ఉండాలంటారు. ఆ పిల్ల 5 అడుగుల 1 అంగుళం. నాకు తెలుసు. చెప్పలేదు.

అప్పుడు మన లెక్కల మాస్టారు గుర్తొచ్చారు. లెక్క తప్పితే సున్నా వేసేవారు. పక్కనే ఎర్ర సిరాతో ఏ స్టెప్పులో తప్పామో గుర్తు పెట్టేవారు. "నువ్వు పనికిరావు" అని మాత్రం ఏనాడూ రాయలేదు.

ఇప్పుడు నేనూ అలాగే చెబుతున్నాను. "ర్యాంప్‌కి నీ ఎత్తు చాలదమ్మా. నగల ప్రకటనలకు ముఖం, చేతులు ముఖ్యం, అటు ప్రయత్నించు. మంచి ఏజెన్సీ పని ఇప్పించాక కమీషన్ తీసుకుంటుంది. ముందే డబ్బడిగితే వెళ్లకు. చదువు మానకు."

కొందరికి కోపం వస్తుంది. రానీండి, గాజులైనా మిగులుతాయి.

మాస్టారూ, ఆ ఎర్ర సిరాకు ఆలస్యంగా కృతజ్ఞతలు.