ఎల్విస్ అడిగినా ఇవ్వని పాట: డాలీ పార్టన్ కథ

ఇవాళ కథలోకి వెళ్ళే ముందు ఒక మెసేజ్ గురించి చెప్పాలి.

పోయిన వారం ఒక చెల్లి ఇన్‌స్టాలో రాసింది. కరీంనగర్ వైపు పల్లెటూరు, డిగ్రీ సెకండియర్. తనే మాటలు రాసుకుని, తనే బాణీ కట్టుకుని ఒక పాట పాడింది. ఒక ఛానల్ వాళ్ళు విని, "పాట మాకియ్యి, 5 వేలిస్తాం, మంచిగ షూట్ చేస్తాం" అని ఒక కాయితం పంపారట. అందులో పాట మీద హక్కులన్నీ ఎప్పటికీ వాళ్ళవే అని ఉంది. "అక్కా, సంతకం పెట్టాల్నా? వద్దంటే మళ్ళా ఎవ్వరు పిలవరేమో అని భయమైతుంది" అని అడిగింది.

చెల్లీ, నీకు జవాబు చెప్పేముందు ఒక కథ చెప్తా. అమెరికాలో నీలాంటి పల్లెటూరి పిల్లదే. పేరు డాలీ పార్టన్.

1946 జనవరి 19. టెన్నెసీ రాష్ట్రంలో కొండల మధ్య ఒక ఊరు. ఒకే గది ఉన్న చెక్క ఇంట్లో పుట్టింది. పన్నెండు మంది పిల్లల్లో నాలుగోది. కాన్పు చేసిన డాక్టరుకి ఇవ్వడానికి నాన్న దగ్గర డబ్బుల్లేవు. ఏమిచ్చాడో తెలుసా? ఒక బస్తా మొక్కజొన్న పిండి! నాన్న కౌలుకి పొగాకు వేసేవాడు. చదవడం, రాయడం రాదు. ఈ రెండు విషయాలూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తా.

వాళ్ళమ్మకి పాత పాటలు బోలెడు వచ్చు. కథల్లా సాగే పాటలు, మన పల్లెల్లో పొలం పనుల్లో పాడుకునేవాళ్ళు చూడండి, అలాంటివి. కంట్రీ మ్యూజిక్ అంటే మూలం అదే. ఒకసారి అమ్మ గుడ్డపేలికలన్నీ కలిపి డాలీకి రంగురంగుల కోటు కుట్టింది. ఆ పిల్ల మురిసిపోతూ బడికి వేసుకెళ్తే అందరూ నవ్వారు. ఆ అవమానం మనసులో ఉండిపోయింది. పెద్దయ్యాక ఒకరోజు టూర్ బస్సులో పాటగా బయటికొచ్చింది. రాసుకోవడానికి కాగితం లేక డ్రై క్లీనింగ్ రసీదు వెనకాల రాసింది. అదే 'కోట్ ఆఫ్ మెనీ కలర్స్'. 1971లో రిలీజైంది.

సరే, చిన్నతనానికి వద్దాం. ఆ పిల్లలో ఏదో ఉందని మొదట కనిపెట్టింది మేనమామ, బిల్ ఓవెన్స్. ఎనిమిదేళ్ళప్పుడు చిన్న గిటార్ ఇచ్చాడు. ఊరూరా తిప్పి పాడించాడు. పదేళ్ళకి నాక్స్‌విల్‌లో రేడియో, టీవీ ప్రోగ్రాముల్లో పాడింది. పదమూడేళ్ళకి 'గ్రాండ్ ఓల్ ఆప్రీ' స్టేజీ ఎక్కింది. కంట్రీ సింగర్లకి అంతకంటే పెద్ద స్టేజీ లేదు. ఆమెని ఆడియన్స్‌కి పరిచయం చేసింది జానీ క్యాష్!

ఇక్కడితో లైఫ్ సెట్ అనుకుంటాం కదా? కాలేదు. ఒక పాట హిట్టయినంత మాత్రాన, ఒక స్టేజీ దొరికినంత మాత్రాన ఏమీ అయిపోదండీ. తిరిగి ఇంటికొచ్చి బడికెళ్ళింది.

1964లో హైస్కూల్ అయిపోయింది. ఆ ఫంక్షన్‌లో ఒక్కొక్కరూ లేచి ముందు ముందు ఏం చేస్తారో చెప్తున్నారు. ఈ అమ్మాయి నాష్‌విల్ వెళ్ళి స్టార్ అవుతానంది. హాలంతా నవ్వింది. మర్నాడే బస్సెక్కేసింది. మాసిన బట్టలు కూడా మూటకట్టుకుని వెళ్ళింది. దిగిన రోజే వాటిని ఉతుక్కోవడానికి మెషిన్లుండే షాపుకెళ్తే, అక్కడ ఒక అబ్బాయి పరిచయమయ్యాడు. కార్ల్ డీన్. రెండేళ్ళకి పెళ్ళి చేసుకున్నారు. 2025లో ఆయన పోయేదాకా కలిసే ఉన్నారు. అది ఇంకో ఎపిసోడ్ కథ లెండి.

నాష్‌విల్‌లో కూడా ముందు సింగర్‌గా దారి దొరకలేదు. పాటలు రాసే మనిషిగా దొరికింది. మామా మేనకోడలు కలిసి రాసిన ఒక పాటని 1966లో బిల్ ఫిలిప్స్ పాడితే హిట్టయింది. అంతకంటే ముఖ్యమైన పని ఇంకోటి చేశారు. తమ పాటల హక్కులు తమ దగ్గరే ఉండేలా సొంతంగా పబ్లిషింగ్ కంపెనీ పెట్టుకున్నారు. ఇంకా పెద్ద స్టార్ కూడా కాలేదు, గమనించండి. పేరు వచ్చాక చూద్దాంలే అనుకోలేదు.

1967లో పోర్టర్ వాగనర్ అనే పెద్ద సింగర్ తన టీవీ షోలోకి తీసుకున్నాడు. అంతకుముందు ఆ ప్లేస్‌లో నార్మా జీన్ అనే సింగర్ ఉండేది. డాలీ స్టేజీ ఎక్కితే జనం నార్మా జీన్ కావాలని అరిచేవాళ్ళు. అయినా నిలబడింది. ఐదేళ్ళనుకున్నది ఏడేళ్ళయింది. షో ఆయనది, నిర్ణయాలూ ఆయనవే. ఇక సొంతంగా వెళ్ళాలి. చెప్తే ఆయన వినడం లేదు, రోజూ గొడవే. అప్పుడేం చేసింది? ఇంటికెళ్ళి పాట రాసింది. మర్నాడు ఆయన ఆఫీసులో కూర్చుని పాడి వినిపించింది. ఆయనకి కళ్ళనీళ్ళొచ్చాయి. వెళ్ళనిచ్చాడు. ఆ పాటే 'ఐ విల్ ఆల్వేస్ లవ్ యూ'. 1974లో కంట్రీ చార్టులో నంబర్ వన్.

కథ అక్కడితో సాఫీగా అయిపోలేదు. తర్వాత ఆయన కోర్టుకెళ్ళాడు, బయట రాజీ చేసుకోవాల్సి వచ్చింది. ఆ తర్వాత మళ్ళీ కలిసిపోయారు కూడా. చెప్పేదేంటంటే, మంచిగా విడిపోయినా లెక్కలు మిగులుతాయి.

ఇప్పుడు అసలు సీన్. ఆ పాట పాడతానని కబురు పంపింది ఎవరు? ఎల్విస్ ప్రెస్లీ! మన బాలు గారు పీక్‌లో ఉన్న రోజుల్లో మీ పాట పాడతానంటే ఎలా ఉంటుంది? డాలీ అందరికీ చెప్పేసుకుంది. తీరా రికార్డింగ్ ముందు ఎల్విస్ మేనేజర్ కర్నల్ టామ్ పార్కర్ ఒక షరతు పెట్టాడు. పబ్లిషింగ్ హక్కుల్లో సగం రాసివ్వాలని. అంటే ఆ పాట ఎక్కడ మోగినా, ఎవరు పాడినా, పాట యజమానికొచ్చే డబ్బులో సగం.

డాలీ ఇవ్వనంది. ఆ రాత్రంతా ఏడ్చానని ఆవిడే చెప్పుకుంది. చూసేవాళ్ళకి పిచ్చితనంలా కనపడుతుంది. ఎల్విస్ ఆ పాట రికార్డు చెయ్యలేదు. 1977లో ఆయన చనిపోయాడు. ఆ ఛాన్స్ మళ్ళీ రాలేదు. వదులుకున్నది చిన్నదేం కాదు.

ఏళ్ళు గడిచాయి. 1992లో 'ది బాడీగార్డ్' సినిమా వచ్చింది. విట్నీ హ్యూస్టన్ అదే పాట పాడింది. అమెరికాలో 14 వారాలు నంబర్ వన్! ప్రపంచమంతా మోగింది. పాట ఓనరెవరు? డాలీ. సగం కాదు, మొత్తం.

ఇక్కడ ఒక్క విషయం క్లియర్‌గా అర్థం చేసుకోండి. పాటలో రెండు ఆస్తులుంటాయి. ఒకటి పాట, అంటే మాటలు, బాణీ. రెండోది రికార్డింగ్. పాట పొలం అనుకోండి, రికార్డింగ్ పంట. ఒకే పొలంలో డాలీ ఒక పంట తీసింది, విట్నీ ఇంకో పంట తీసింది. పొలం మాత్రం డాలీదే. పొలం కౌలుకివ్వొచ్చు, తప్పులేదు. పట్టా రాసిచ్చేస్తే మాత్రం తర్వాత గట్టు మీద నిలబడి చూడాల్సిందే. కౌలు రైతు కూతురికి ఈ తేడా ఎవరైనా నేర్పాలా చెప్పండి?

ఇప్పుడు చెల్లీ, నీ విషయం. మన దేశంలో కూడా చట్టం ఉంది. 2012లో కాపీరైట్ చట్టం మార్చారు. పాట రాసినవాళ్ళకి, బాణీ కట్టినవాళ్ళకి రాయల్టీలో సమాన వాటా ఉంటుంది, సంతకం పెట్టినా ఆ వాటా పోదు. హక్కులు ఎన్నేళ్ళకి ఇస్తున్నావో కాయితంలో రాయకపోతే 5 ఏళ్ళకే అని లెక్క. అందుకే వాళ్ళు 'ఎప్పటికీ' అనే మాట రాసుకున్నారు. ఇంకోటి, తాతల నాటి జానపదం అయితే ఎవరి సొత్తూ కాదు. కానీ నువ్వు కొత్తగా రాసిన మాటలు నీవే.

అందుకని వద్దు అని ఒక్కమాటలో ఫోన్ పెట్టెయ్యకు. మర్యాదగా మాట్లాడు. "ఈ వీడియో మీరు తీసుకోండి, మీ ఛానల్లో పెట్టుకోండి. పాట మాత్రం నాదే. ఇన్నేళ్ళకి ఇస్తా, నా పేరు వెయ్యాలి, రాయల్టీలో నా వాటా ఇంత" అని రాయించమను. తెలిసిన లాయరుకి ఒకసారి చూపించు. ఒప్పుకుంటే సంతోషం. ఒప్పుకోకపోతే ఆ రాత్రి ఏడుపొస్తుంది. డాలీకీ వచ్చింది. నిన్ను మళ్ళీ పిలుస్తారని నేను గ్యారంటీ ఇవ్వలేను. కానీ పిలిచిన రోజు ఇవ్వడానికి నీ దగ్గర పాట ఉంటుంది.

చివరగా, నాన్న సంగతి. చదవడం రాని ఆ నాన్న గుర్తుగా 1995లో సొంత జిల్లా పిల్లలకి ఫ్రీగా పుస్తకాలు పంపడం మొదలుపెట్టింది డాలీ. ఇప్పుడది ఐదు దేశాల్లో నడుస్తోంది. 20 కోట్ల పుస్తకాలు దాటాయి. కాయితం మీద ఏముందో చదవగలగడం ఎంత పెద్ద విషయమో ఆ ఇంటికి బాగా తెలుసు.

మీలో ఎవరికైనా ఇలాంటి కాయితం వచ్చిందా? ఏం చేశారో కామెంట్లో రాయండి, ఛానల్ పేర్లు మాత్రం వద్దు. పాటలు పాడే ఫ్రెండ్ ఉంటే ఈ వీడియో పంపండి. సంతకం పెట్టకముందే పంపండి. వచ్చే వారం కలుద్దాం. ఉంటానండీ.